మోటారుకారు క్లచ్: దోషములను గుర్తించు విధము

ఆగియున్న బండిని, తిరుగుచున్న ఇంజనును కుదుపు లేకుండ కలుపుట యెట్లు? మోటారుకారు పుట్టిననాటి నుండి దాని నిర్మాతలకు ఎదురైన ప్రశ్న యిది. పెట్రోలు ఇంజను గాని, డీజిలు ఇంజను గాని నిలిచియున్న స్థితిలో ఏ బలమును ఇయ్యజాలదు. నిమిషమునకు సుమారు 700 లేక 800 చుట్లు తిరుగుచున్నపుడే అది తన్ను తాను నడుపుకొనగలదు. విద్యుత్తు మోటారుకు ఈ లోపము లేదు. అది నిలుకడ నుండియే గట్టిగ త్రిప్పగలదు. అందువలననే బ్యాటరీ కార్లలో క్లచ్ పెడలు కానరాదు. ఇంజను కారులో మాత్రము తిరుగుచున్న ఇంజనును నిలిచియున్న చక్రములతో మెల్లమెల్లగ కలుపుటకును, గేరు మార్చునపుడు క్షణకాలము విడదీయుటకును ఒక సాధనము కావలెను. ఆ సాధనమే క్లచ్.

ఫ్రాన్సు దేశములో పనార్, లెవాసోర్ అను నిర్మాతలు 1891లో ఇంజనును ముందు భాగమునను, దాని వెనుక క్లచ్‌ను, ఆ వెనుక గేరుబాక్సును అమర్చి కారును నిర్మించిరి. తరువాతి కార్లలో పెక్కింటికి ఈ వరుసయే మాదిరి యైనది. తొలినాళ్ల క్లచ్‌లు చాలవరకు శంకువు ఆకారములో ఉండి, తోలు తొడుగు కలిగియుండెడివి. తోలుపై నూనె పడి జారినచో డ్రైవరు దానిపై నూనెను పీల్చు మెత్తని మట్టిపొడి చల్లెడివాడు. తోలు ఎండి బిగిసి, కారు ఒక్కసారిగ ముందుకు దుమికినచో దానికి నూనె పట్టి మెత్తపరచెడివాడు. ఈ రెండు చికిత్సలు ఒకదాని కొకటి విరుద్ధములు. రోగమేదో తెలియక మందు వేసినచో రోగము రెట్టింపగును. నేటి క్లచ్‌లో తోలు లేదు, శంకువు లేదు. కాని యీ సూత్రము మాత్రము మారలేదు.

క్లచ్ కంటికి కనబడని చోట ఉండును. ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ ఒక లోహపు గూటిలో మూయబడి యుండుటచే, గేరుబాక్సును దింపినగాని దానిని చూడ వీలులేదు. ఆ పనికి మెకానిక్కుకు గంటల కొలది కాలము పట్టును. కేబులు కొంచెము వదులైన మాత్రమునకు గేరుబాక్సును దింపించుట వ్యర్థవ్యయము. ఇట్లే, ప్లేటు అరిగి జారుచున్నను గుర్తింపక ఘాట్ రోడ్డు ఎక్కుట, లారీని దాటబోవుట ప్రమాదకరములు. ఇంజను ఎంత మ్రోగినను బండి ముందుకు సాగదు. కావున గూడు విప్పకమునుపే, బయటి లక్షణములను బట్టి లోపలి దోషమును నిర్ణయింపవలెను. దీనికి పెద్ద పరికరములు అవసరము లేదు. ఏ భాగము ఎప్పుడు తిరుగును, ఎప్పుడు నిలుచును, ఏ బలము ఎచ్చట పనిచేయును అను తెలివియే ముఖ్యము.

క్లచ్ లోపలి భాగములు

ఇంజను ఇరుసు చివర ఫ్లైవీలు అను బరువైన చక్రము బిగింపబడి యుండును. దాని ముఖమునకు ఆని క్లచ్ ప్లేటు ఉండును. ఇది పలుచని ఉక్కు బిళ్ల. దీనికి రెండు వైపుల ఘర్షణ నిచ్చు లైనింగు అంటించియో, రివెట్లతో బిగించియో యుందురు. ప్లేటు నడుమనున్న రంధ్రములో పొడవాటి గాళ్లు కలవు. గేరుబాక్సు నుండి వచ్చు ఇరుసు మీదను అట్టి గాళ్లే యుండి, ఒకదానిలో నొకటి ఇమిడియుండును. కావున ప్లేటు ఇరుసు వెంబడి ముందు వెనుకలకు జరుగగలదు. కాని ఇరుసును విడిచి తాను ఒంటరిగ తిరుగజాలదు.

ప్లేటు వెనుక ప్రెషర్ ప్లేటు అను ఇనుప వలయము, దానిని ముందుకు నొక్కుచు డయాఫ్రం స్ప్రింగు ఉండును. ఇది పళ్లెమువలె కొంచెము లోతుగ వంగి, నడుమకు వ్రేళ్లవంటి చీలికలు గల ఉక్కు స్ప్రింగు. పూర్వపు కార్లలో దీనికి బదులు అనేకమైన చుట్టల స్ప్రింగులు ఉండెడివి. ప్రెషర్ ప్లేటు, స్ప్రింగు, వానిపై కప్పు మూడును ఫ్లైవీలుకే బిగింపబడి ఎల్లప్పుడు ఇంజనుతో తిరుగును.

రెండు అరచేతుల నడుమ బడిపలకను గట్టిగ నొక్కిపట్టి చేతులను జరిపినచో పలకయు వానితోబాటు కదలును. చేతులను వదులు చేసినచో చేతులు కదలినను పలక కదలదు. ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు ఆ రెండు అరచేతులు; క్లచ్ ప్లేటు పలక.

డ్రైవరు పెడలును త్రొక్కినపుడు ఆ బలము కేబులు ద్వారా గాని, గొట్టములోని ద్రవము ద్వారా గాని ఒక ఫోర్కును చేరును. ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు త్రోయును. ఆ బేరింగు స్ప్రింగు వ్రేళ్లను నొక్కును. అప్పుడు స్ప్రింగు వెలుపలి అంచు వెనుకకు లేచి, ప్రెషర్ ప్లేటు వెనుకకు తగ్గి, క్లచ్ ప్లేటు విడుదల యగును. కావున పెడలు పైనున్నపుడు పట్టు, క్రిందనున్నపుడు విడుదల అని జ్ఞాపక ముంచుకొనవలెను.

దీనిని బట్టి క్లచ్ చేయవలసిన పనులు మూడు. పట్టినపుడు జారక పట్టవలెను. విడిచినపుడు పూర్తిగ విడువవలెను. ఈ రెండింటి నడుమ మెత్తగ, క్రమముగ కలుపవలెను. మొదటి పని తప్పినచో క్లచ్ జారును. రెండవది తప్పినచో గేరు పడదు. మూడవది తప్పినచో బండి అదురును. బేరింగులు చెడినచో నాలుగవ లక్షణమైన చప్పుడు వచ్చును. క్లచ్‌పై వచ్చు ఫిర్యాదులు చాలవరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి చెందును.

పట్టునకు లెక్క

క్లచ్ ఎంత త్రిప్పుబలమును, అనగా టార్కును, మోయగలదో సులభముగ లెక్కింపవచ్చును. ప్లేటుకు ముఖములు రెండు. ఒక్కొక్క ముఖముపై ఘర్షణబలము స్ప్రింగు నొక్కుడును ఘర్షణ గుణకముతో హెచ్చించగా వచ్చును. దానిని లైనింగు సగటు వ్యాసార్ధముతో హెచ్చించినచో త్రిప్పుబలము లభించును.

ఒక చిన్న కారునకు స్ప్రింగు నొక్కుడు 3000 న్యూటన్లు, ఘర్షణ గుణకము 0.35, సగటు వ్యాసార్ధము 0.08 మీటరు అనుకొందము. 2ను, 0.35ను, 3000ను, 0.08ను హెచ్చించగా 168 న్యూటన్-మీటర్లు వచ్చును. ఆ కారు ఇంజను ఇచ్చు అత్యధిక టార్కు 110 న్యూటన్-మీటర్లు అయినచో క్లచ్‌కు సుమారు ఒకటిన్నర రెట్ల శక్తి కలదన్నమాట. ఈ మిగులే క్లచ్‌కు రక్ష.

ఇప్పుడు ఇంజను నూనె కారి లైనింగు తడిసినదనుకొందము. ఘర్షణ గుణకము 0.15కు దిగినచో క్లచ్ మోయగల టార్కు 72 న్యూటన్-మీటర్లు మాత్రమే. ఇంజను 110 ఇచ్చును. క్లచ్ 72కు మించి మోయలేదు. కావున జారును. ఈ లెక్కలో వ్యాసార్ధము సాధారణముగ మారదు. మారునవి రెండే: స్ప్రింగు నొక్కుడు, ఘర్షణ గుణకము. కనుక క్లచ్ జారుటకు కారణము ఏదైనను ఈ రెండింటిలో ఒకదానిని తగ్గించియే యుండవలెను.

మొదటి దోషము: జారుట

యాక్సిలరేటరు నొక్కగనే ఇంజను చప్పుడు హెచ్చును, బండి వేగము మాత్రము దానికి తగినట్లు హెచ్చదు. పెట్రోలు ఎక్కువ ఖర్చగును. కాలిన వాసన వచ్చును. ఇవి జారుటకు లక్షణములు.

ఈ దోషము మొదట పై గేరులో బయటపడుట విద్యార్థులు ఆలోచింపదగిన విషయము. మొదటి గేరులో బండి త్వరత్వరగా వేగము పుంజుకొనును. ఇంజనుయు అంత త్వరగా వేగమెక్కవలెను. ఇంజను టార్కులో కొంత భాగము తన ఫ్లైవీలును, ఇరుసును వేగపరచుకొనుటకే వ్యయమగును. మిగిలినదే క్లచ్‌ను చేరును. పై గేరులో వేగము మెల్లగ పెరుగును గనుక ఇంజను టార్కు దాదాపు అంతయు, చాలసేపు, క్లచ్ గుండ పోవలెను. అందుచే బలహీనమైన క్లచ్ మొదట అచ్చటనే ఓడిపోవును.

పరీక్ష ఇట్లు చేయవలెను. రద్దీ లేని చదునైన రోడ్డుపై మూడవ లేక నాలుగవ గేరులో మితమైన వేగముతో పోవుచు, యాక్సిలరేటరును నిండుగ నొక్కవలెను. ఇంజను వేగము, బండి వేగము కలిసి పెరిగినచో క్లచ్ మంచిది. ఇంజను వేగము ఒక్కసారిగ ఎగిరి, బండి వేగము నిలిచిపోయినచో క్లచ్ జారుచున్నది.

నిలిపియుంచి చేయు పరీక్షయు ఒకటి కలదు. హ్యాండు బ్రేకు బాగుగ లాగి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, కాలిబ్రేకును త్రొక్కిపట్టి, బండి ముందు ఎవరును లేకుండ చూచుకొని, పై గేరు వేసి క్లచ్‌ను మెల్లగ విడువవలెను. మంచి క్లచ్ అయినచో ఇంజను వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచునే యున్నచో జారుచున్నదని అర్థము. ఈ పరీక్షను ఒకటి రెండు సార్లకు మించి చేయరాదు. ఏలనగా జారునపుడు పుట్టు వేడి తక్కువ కాదు. 100 న్యూటన్-మీటర్ల టార్కును మోయుచు, ఇంజనుకు ప్లేటుకు నడుమ నిమిషమునకు 600 చుట్ల తేడా యున్నచో, ప్రతి సెకనుకు సుమారు 6300 జౌళ్ల వేడి పుట్టును. ఇది వేయి వాట్ల విద్యుత్తు పొయ్యిలు ఆరింటిని ఆ చిన్న గూటిలో వెలిగించిన దానితో సమానము.

కారణములను వెదకునపుడు ఖర్చులేనిదానిని ముందు చూడవలెను. కేబులుతో పనిచేయు కార్లు పెక్కింటిలో పెడలును చేతితో నొక్కినచో మొదట కొంతదూరము అది తేలికగ దిగి, పిదప బరువు తగులును. ఈ ఖాళీ కదలికను మెకానిక్కులు ప్లే అందురు. ఇది సాధారణముగ 15 నుండి 25 మిల్లీమీటర్లు. సరియైన కొలత కారుతో వచ్చిన పుస్తకములో నుండును. రిలీజ్ బేరింగుకు, స్ప్రింగు వ్రేళ్లకు నడుమ రెండు మిల్లీమీటర్ల యెడము ఉన్నచో, మీటల వలన అది పెడలు వద్ద పది రెట్లై కనబడును.

లైనింగు అరిగినకొలది ఈ ప్లే తగ్గును. ఎట్లనగా, ప్లేటు పలుచనైనపుడు ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపునకు జరుగును. స్ప్రింగు వ్రేళ్లు దానికి ఎదురు దిక్కుగ, అనగా బేరింగు వైపునకు, వచ్చును. ప్లే పూర్తిగ పోయినచో బేరింగు ఎల్లప్పుడు వ్రేళ్లను నొక్కుచు, డ్రైవరు పెడలుపై కాలు పెట్టకున్నను పెట్టినట్లే యగును. స్ప్రింగు నొక్కుడు తగ్గి క్లచ్ జారును. ఈ దశలో కేబులును కొంచెము వదులు చేసినంతనే దోషము పోవచ్చును. ఎప్పుడును పెడలుపై కాలు ఆనించి నడుపు అలవాటు గల డ్రైవరు తన కాలితోనే ఈ దోషమును కల్పించుచున్నాడు.

ప్లే సరిగ నున్నను క్లచ్ జారినచో లైనింగు అరుగుటయో, నూనె పడుటయో కారణము. ఇంజను వెనుక సీలు నుండి గాని, గేరుబాక్సు ముందు సీలు నుండి గాని నూనె కారవచ్చును. గూటి క్రింద నూనె మరకలు ఉన్నవేమో చూడవలెను. నూనె కారణమైనపుడు ప్లేటును మాత్రము మార్చి సీలును వదలినచో కొత్త ప్లేటుకును కొలదిదినములలో అదే గతి పట్టును.

స్ప్రింగు విషయములో ఒక భేదము కలదు. చుట్టల స్ప్రింగులు గల పాత క్లచ్‌లో లైనింగు అరిగినకొలది స్ప్రింగులు సాగి, వాని నొక్కుడు క్రమముగ తగ్గును. డయాఫ్రం స్ప్రింగు గుణము వేరు. లైనింగు అరిగినపుడు దాని నొక్కుడు మొదట కొంచెము పెరిగి, చాల అరిగిన పిదపనే తగ్గును. అందుచే డయాఫ్రం క్లచ్ చాలకాలము మంచిదిగనే తోచి, తుదకు త్వరగా చెడును. జారుట మొదలైన పిదప వాయిదా వేయుట తగదు.

రెండవ దోషము: పూర్తిగ విడకుండుట

పెడలును అడుగంట త్రొక్కినను గేరు కష్టముతో పడుట, రివర్సు వేయునపుడు గరగరమను చప్పుడు వచ్చుట, గేరులో నున్నపుడు బండి ముందుకు ప్రాకుట దీని లక్షణములు. ప్లేటు పూర్తిగ విడక, గేరుబాక్సు ఇరుసును ఇంకను కొంత త్రిప్పుచున్నదన్నమాట.

దీనికి రివర్సు గేరు చక్కని పరీక్ష. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ అను ఏర్పాటు ముందు గేర్ల వేగములను సమానము చేసి, చిన్న దోషములను కప్పిపుచ్చును. రివర్సునకు పెక్కు కార్లలో ఈ ఏర్పాటు లేదు. కావున అది నిజము చెప్పును. ఇంజను నెమ్మదిగ తిరుగుచుండగ, బండి నిలిచియుండగ, పెడలును పూర్తిగ త్రొక్కి నాలుగైదు సెకనులు ఆగి రివర్సు వేయవలెను. ఆగుట ముఖ్యము. పెడలు త్రొక్కినను ఇరుసు తన జడత్వము వలన కొంతసేపు తిరుగుచునే యుండును. ఆ వ్యవధి యిచ్చిన పిదపను గరగర వచ్చినచో ప్లేటు ఇరుసును త్రిప్పుచునే యున్నదని తేలును.

దోషము క్లచ్‌లో ఉన్నదా, గేరుబాక్సులో ఉన్నదా యని తేల్చుటకు ఇంజనును ఆపి గేర్లన్నియు వేసి చూడవలెను. ఇంజను ఆగినపుడు అన్నియు సులభముగ పడి, తిరుగుచున్నపుడు మాత్రము ఏదియు సరిగ పడనిచో దోషము క్లచ్‌ది. ఇంజను ఆగినను గేరు కడ్డీ బిగుసుగ నున్నచో దోషము కడ్డీల అమరికలోనో, గేరుబాక్సులోనో యున్నది. రివర్సు చక్కగ పడుచు, నడుచునపుడు ఏదో ఒక గేరు మాత్రము గరగరలాడినచో ఆ గేరు సింక్రోమెష్ అరిగినదని ఊహింపవచ్చును. ఈ చిన్న పరీక్ష చేయక క్లచ్‌ను మార్చినవారికి డబ్బు పోయినను దోషము పోదు.

కారణములను ఈ వరుసలో చూడవలెను. పెడలు క్రింద కార్పెట్ మడతపడి పెడలును పూర్తిగ దిగనీయకుండుట కలదు. అది ముందు చూడవలెను. కేబులు సాగినచో, లేక దాని తీగెలు ఒక్కొక్కటిగ తెగుచున్నచో ప్లే హెచ్చి, పెడలు ప్రయాణములో చాలభాగము వృథాయగును. తీగెలు తెగుచున్న కేబులును బిగించి పొద్దుపుచ్చరాదు. దారిలో పూర్తిగ తెగును.

ద్రవముతో పనిచేయు క్లచ్‌లో పెడలును నాలుగైదు సార్లు వెంటవెంటనే త్రొక్కి చూడవలెను. అట్లు చేసినపుడు గేరు సులభముగ పడినచో గొట్టములో గాలి చేరినదనియో, సిలిండరులోని రబ్బరు సీలు చెడినదనియో గ్రహింపవలెను. ద్రవమును దాదాపుగ కుదించలేము, గాలిని కుదించవచ్చును. గాలి యున్నచో పెడలు చేసిన పనిలో కొంత గాలిని కుదించుటకే పోవును. ద్రవము తగ్గుచున్నచో అది ఎచ్చటనో కారుచున్నదని యర్థము. సాధారణముగ ఇందు వాడునది బ్రేకు ఆయిలే. దీనికి బదులు ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోవును.

ఇవన్నియు సరిగ నున్నచో దోషము గూటిలోపలనే కలదు. ప్లేటు వంకరపోవుట, గాళ్లు త్రుప్పుపట్టి ప్లేటు జరుగకుండుట, ఫ్లైవీలు నడుమ ఇరుసు కొనను మోయు పైలట్ బేరింగు బిగుసుకొనుట ఇందులకు కారణములు. వానకాలములో వారముల తరబడి నిలిపియుంచిన బండిలో ప్లేటు త్రుప్పువలన ఫ్లైవీలుకు అంటుకొని పోవుటయు కలదు. నిన్నటి వరకు బాగుగ నున్న పెడలు, కేబులు నేడును బాగుగనే యుండి, గేరు మాత్రము అసలే పడకున్నచో దీనిని అనుమానింపవలెను.

మూడవ దోషము: అదురు

మొదటి గేరులో క్లచ్ విడుచునపుడు బండి అంతయు గడగడ వణకి, కలిసిన పిదప వణకు ఆగిపోవును. నల్లబల్లపై సుద్దముక్కను నిలువుగ పట్టి గీసినపుడు వచ్చు కీచుధ్వనికిని, ఫిడేలు తీగెపై కమాను పలికించు స్వరమునకును, ఈ అదురునకును మూలము ఒక్కటే. జారు వేగము తగ్గినకొలది ఘర్షణ పెరుగు స్వభావము గల ఉపరితలములు నిలకడగ జారవు. పట్టి, విడిచి, మరల పట్టుచుండును. సుద్దముక్కలో అది కీచుధ్వని. క్లచ్‌లో అది వణకు.

లైనింగుపై కొద్దిగ నూనె పడినను, అతివేడిచే ఉపరితలము అద్దమువలె మెరుగెక్కినను, ఫ్లైవీలుపై వేడి మచ్చలు ఏర్పడినను అదురు పుట్టును. అయితే ఇంజనును చట్రముపై నిలుపు రబ్బరు దిమ్మలు చెడినను ఇట్టి వణకే వచ్చును. రెండింటిని వేరుచేయుట సులభము. దిమ్మలు చెడినచో ఇంజనును స్టార్టు చేయునపుడును, ఆపునపుడును కూడ అది అతిగ ఊగి కొట్టుకొనును. క్లచ్ అదురు సగము కలిసిన స్థితిలో మాత్రమే వచ్చును. దిమ్మలను మార్చుటకు గేరుబాక్సును దింపనక్కరలేదు గనుక వానిని ముందుగ చూడవలెను.

నాలుగవ దోషము: చప్పుడు

చప్పుడును బట్టి చెడిన బేరింగును కనుగొనుట చక్కని తర్కము. ప్రతి బేరింగు తన లోపలి వలయమునకు వెలుపలి వలయమునకు వేగభేద మున్నపుడే పనిచేయును, పనిచేయునపుడే మ్రోగును. కావున బండిని న్యూట్రలులో నిలిపి, ఇంజనును నెమ్మదిగ తిరుగనిచ్చి, పెడలు ఏ స్థితిలో నున్నపుడు చప్పుడు వచ్చునో వినవలెను.

పెడలు పైనున్నపుడు చప్పుడు వచ్చి, పూర్తిగ త్రొక్కి కొంతసేపాగగనే పోయినచో దోషము గేరుబాక్సు ఇరుసు బేరింగుది. పెడలు పైనున్నపుడే ఆ ఇరుసు తిరుగును, త్రొక్కగ నిలుచును.

పెడలును కొంచెము త్రొక్కి బరువు తగిలినంతనే చప్పుడు మొదలై, త్రొక్కినకొలది హెచ్చినచో దోషము రిలీజ్ బేరింగుది. అది స్ప్రింగు వ్రేళ్లను తాకునప్పుడే తిరుగుట మొదలిడును. కొన్ని కార్లలో ఈ బేరింగు ఎల్లప్పుడు వ్రేళ్లను తాకుచునే యుండునట్లు అమర్పబడును. అట్టివానిలో ప్లే ఉండదు. చప్పుడు పెడలు త్రొక్కకున్నను లీలగ వినబడి, త్రొక్కగ మారును.

పెడలును పూర్తిగ త్రొక్కి, గేరు వేసి నిలిపిన స్థితిలో మాత్రమే కూత వచ్చినచో పైలట్ బేరింగును అనుమానింపవలెను. అప్పుడు ఇంజను తిరుగుచు ఇరుసు నిలిచియుండును గనుక ఆ రెండింటి నడుమనున్న ఈ బేరింగు పనిచేయును. పెడలు పైనున్నపుడు రెండును ఒకే వేగముతో తిరుగుటచే దీనికి పని లేదు. ఇంజను అడ్డముగ నుండు చిన్న కార్లలో చాలవానికి ఈ బేరింగే ఉండదు.

హాఫ్ క్లచ్ చేయు నష్టము

చెడిన క్లచ్‌లలో కొన్ని కాలముచే చెడును. కొన్ని అలవాటుచే చెడును. వేయి కిలోగ్రాముల బండిని చదునైన నేలపై ఇంజను వేగమును నిలకడగ నుంచి, సెకనుకు 3 మీటర్ల వేగమునకు తెచ్చి క్లచ్‌ను పూర్తిగ కలిపినచో బండికి వచ్చిన గతిజశక్తి 4500 జౌళ్లు. అంతే వేడి క్లచ్‌లోను పుట్టును. ఇది తప్పని ఖర్చు. క్లచ్ దీనిని సులభముగ భరించును.

అదే బండి పదింటికి ఒకటి వాలుగల ఎత్తుపై నిలిచియున్నదనుకొందము. డ్రైవరు బ్రేకు వేయక, హాఫ్ క్లచ్‌తోనే దానిని వెనుకకు పోకుండ ఆపుచున్నాడు. బండిని క్రిందికి లాగు బలము సుమారు 980 న్యూటన్లు. క్లచ్ పూర్తిగ కలిసియున్నచో ఇంజను ఆ వేగమున బండిని సెకనుకు 3 మీటర్లు నడిపెడిది. బండి కదలక యుండుటచే ఆ పని యంతయు వేడిగ మారును: సెకనుకు 2940 జౌళ్లు. ఒక నిమిషమునకు 1,76,400 జౌళ్లు. దీనిని 4500తో భాగింపగ సుమారు 39 వచ్చును. అనగా ఎత్తుపై ఒక్క నిమిషము హాఫ్ క్లచ్‌తో నిలుపుట, చదునైన నేలపై 39 పర్యాయములు బండిని కదలించుటతో సమానము. తిరుమల, శ్రీశైలము దారులవంటి ఘాట్ రోడ్లపై వాహనములు వరుసలో ఆగినపుడు హ్యాండు బ్రేకును వాడుట క్లచ్ ఆయువును ఎంత పెంచునో యీ లెక్కయే చెప్పును.

విప్పినపుడు జాగ్రత్త

చాలకాలము క్లచ్ లైనింగులలో ఆస్బెస్టాస్ వాడబడినది. అది వేడికి ఓర్చును. కాని దాని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోయి, అనేక సంవత్సరముల తరువాత ఊపిరితిత్తుల వ్యాధులను, క్యాన్సరును కలిగించును. ఐరోపా సమాఖ్య 2005 నుండి దాని వాడుకను నిషేధించినది. పాత బండ్ల లైనింగులలో అది ఉండవచ్చును గనుక గూటిలోని దుమ్మును నోటితో ఊదుట, గాలి గొట్టముతో ఎగరగొట్టుట మానవలెను. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయుట మేలు. షెడ్డులో పనిచేయు పిల్లవాని ఊపిరితిత్తుల కన్న ప్లేటు విలువైనది కాదు.

గేరుబాక్సును దింపక తప్పనపుడు ప్లేటుతోబాటు ప్రెషర్ ప్లేటును, రిలీజ్ బేరింగును కూడ మార్చుదురు. బేరింగు వెల స్వల్పము. అది తరువాత చెడినచో కూలి మాత్రము మరల మొత్తము చెల్లింపవలసి వచ్చును. ఫ్లైవీలు ముఖముపై నీలపు మచ్చలు, పగుళ్లు ఉన్నవేమో అప్పుడే చూడవలెను.

క్లచ్ పెడలు లేకున్నను క్లచ్ ఉండు కార్లు కలవు. భారతదేశములో 2014లో మారుతి సెలెరియో కారుతో వ్యాప్తిలోనికి వచ్చిన పద్ధతిలో పెడలును త్రొక్కు పనిని, గేరు మార్చు పనిని యంత్రమే చేయును. గూటిలోని ప్లేటు, స్ప్రింగు, లైనింగు మాత్రము మామూలివే. ఘర్షణ నియమములు కాలికిని, యంత్రమునకును ఒక్కటే కావున, ఎత్తుపై యాక్సిలరేటరుతో బండిని ఆపిపట్టుట వానికిని హానికరమే.

పరీక్షల వరుసను తుదకు సంగ్రహముగ చెప్పవచ్చును. మొదట పెడలు క్రింద అడ్డమేమియు లేదని చూచి ప్లేను కొలువవలెను. తరువాత కేబులును గాని, ద్రవమట్టమును గాని చూడవలెను. ఇంజను ఆపి గేర్లను వేసి చూడవలెను. ఇంజను నడుచుచుండగ రివర్సు వేసి చూడవలెను. పెడలు మూడు స్థితులలోను చప్పుడు వినవలెను. రోడ్డుపై పై గేరులో పట్టును పరీక్షింపవలెను. గూటి క్రింద నూనె మరకలను, ఇంజను దిమ్మలను చూడవలెను. వీనిలో దేనికిని డబ్బు ఖర్చు లేదు. అన్నింటికి కలిపి అరగంట చాలును. గేరుబాక్సును దింపుట ఈ వరుసలో తుదిమెట్టు కావలెను గాని మొదటిమెట్టు కారాదు.